‘నిజంగానే తీసేయాలా?’ అని అడిగితే చాలదు

(విజయనగరంలో ఇంజనీరింగ్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

మాస్టార్లకు నమస్కారం. పిల్లలందరికీ నమస్కారం.

మాది శ్రీకాకుళం జిల్లా. మా తాతయ్య ఆమదాలవలస దగ్గర ఒక రైస్ మిల్లులో గుమస్తాగా చేసేవారు. సెలవుల్లో నేను ఆయన పక్కన కూర్చుని చిట్టా రాయడం చూసేదాన్ని. ఒకరోజు ధాన్యం బస్తాలు 140 అని రాయాల్సిన చోట 410 అని పడింది. బల్ల మీద బ్లేడు ఉంది. దాంతో గీకేస్తే పోతుంది కదా అన్నాను. ఆయన బ్లేడు ముట్టుకోలేదు. 410 మీద ఒక్క గీత గీశారు, కింద అంకె కనబడేలాగే. పక్కన 140 వేసి పొట్టి సంతకం పెట్టారు. “గీకేస్తే ఇక్కడ ఏటయ్యిందో రేపెవులికి తెలుస్తాదమ్మా?” అన్నారు. ఇళ్ల స్థలాల దస్తావేజులు చూసి ఉంటారు, వాటి చివర్లో కూడా కొట్టివేతలెన్ని, చేర్పులెన్ని అని లెక్క రాస్తారు.

కోడ్‌లో చేసిన మార్పులన్నిటినీ నమోదు చేసే గిట్ అనే సాఫ్ట్‌వేర్‌ని మీరు రోజూ వాడతారు. దాని లోపల జరిగేది ఇదే. కమిట్ చేయగానే, యాడ్ అనే కమాండ్‌తో మీరు అప్పటిదాకా చేర్చిన ఫైళ్లన్నీ ఎలా ఉన్నాయో అలా ఒక సంఖ్యతో లోపల నమోదవుతాయి. ఆ తర్వాత మీరు చివరి కమిట్‌ని సవరించే అమెండ్ చేసినా, కమిట్లను వేరే చోట మళ్లీ పేర్చే రీబేస్ చేసినా, వెనక్కి తీసుకెళ్లే రీసెట్ కొట్టినా ఆ పాత కమిట్‌ని గిట్ దిద్దదు. కొత్తది కావాలంటే పక్కన ఇంకోటి రాస్తుంది. బ్రాంచ్ అనేది ఒక కమిట్ మీద అతికించిన పేరు చీటీ మాత్రమే. ఆ చీటీని పాతదాని మీద నుంచి తీసి వేరేదానికి అతికిస్తుంది. పాతది వెంటనే ఎక్కడికీ పోదు. దాని మీద చీటీ లేదు కాబట్టి మనకు కనబడదు. గీత కింద 410 ఉన్నట్టే అదీ ఉంటుంది.

పాతవి దాచే ఈ అలవాటు గిట్‌తో మొదలైంది కాదు. 1972లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధన సంస్థలో ఎస్‌సీసీఎస్ అనే ప్రోగ్రాం తయారైంది. 1980ల్లో అలాంటిదే ఆర్‌సీఎస్ వచ్చింది. వాటిలో ఫైలుకు తాళం వేసేవాళ్లు. ఒకరు తీసుకున్న ఫైలును ఇంకొకరు మార్చడానికి లేదు. ఒకరి పని మీద ఇంకొకరు పొరపాటున రాసేయకుండా అదే కాపలా. తాళం వేసుకున్నాయన పెళ్లికని ఊరెళ్లిపోతే మిగతావాళ్ల పని ఆగిపోయేది. 2005 ఏప్రిల్‌లో, లైనక్స్ తయారుచేసిన లైనస్ టోర్వాల్డ్స్ గిట్ మొదలుపెట్టినప్పుడు ఆ తాళం లేదు. ఎవరి దగ్గర వాళ్లకు మొత్తం చరిత్ర, ఎవరికి వాళ్లు రాసుకోవచ్చు. ఆ స్వేచ్ఛతోపాటే కొత్త రకం పొరపాట్లూ వచ్చాయి. అలాంటిదొకటి నా చేతుల మీదుగానే జరిగింది. అది చెప్తాను.

ఉద్యోగంలో చేరి రెండో ఏడు. శుక్రవారం సాయంత్రం. నా బ్రాంచ్‌ని రీబేస్ చేశాననుకుని, దాన్ని సర్వర్‌కి పంపడానికి పుష్ కొట్టాను. సర్వర్ తీసుకోలేదు. “తిరస్కరించాను, ముందు ఇక్కడున్నవి తెచ్చుకో” అని చెప్పింది. రీబేస్ తర్వాత అలాగే వస్తుంది, ఫోర్స్ పెట్టి బలవంతంగా పంపాలి అని ఎవరో చెప్పింది గుర్తుంది. పెట్టి కొట్టాను. నేనున్న బ్రాంచ్ నాది కాదు. ముగ్గురం కలిసి పనిచేస్తున్న బ్రాంచ్. తెర మీద ఒక్క లైను వచ్చింది. మొదట ప్లస్ గుర్తు, తర్వాత ఒక సంఖ్య, మూడు చుక్కలు, ఇంకో సంఖ్య, బ్రాంచ్ పేరు, చివర బ్రాకెట్‌లో ఫోర్స్‌డ్ అప్‌డేట్ అని. పని అయిందనుకుని విండో మూసేశాను.

ఆ మూడు చుక్కలకు ఎడమ పక్కనున్న సంఖ్యే పోయిన పని. దాన్ని ఒక కాగితం మీద రాసుకుని ఉంటే చాలు. ఆ సంగతి నాకు అప్పటికి ఎవరూ చెప్పలేదు. మిగతా ఇద్దరి రెండు రోజుల పనికి సర్వర్‌లో చీటీ లేకుండా పోయింది. ఫోన్ల మీద ఫోన్లు. అందులో ఒకతను పొద్దున్న పుష్ చేసి ఇంటికెళ్లిపోయాడు, ఆ తర్వాత ఫెచ్ చేయలేదు, అంటే సర్వర్ నుంచి కొత్తవి తెచ్చుకోలేదు. అతని లాప్‌టాప్‌లో బ్రాంచ్ పాతగానే ఉంది. రాత్రి తొమ్మిదిన్నరకు అతను దాన్ని తెరిచి తిరిగి పుష్ చేశాక మాకు ఊపిరి వచ్చింది. మూడు గంటల టెన్షన్. ఆ మూడు గంటల్లో మొదటి గంట మొత్తం ఎవరు చేశారు, ఎందుకు చేశారు అనే మాటలతోనే పోయింది. ఎలా తెచ్చుకోవాలి అని అడగడానికి ఆరున్నర నుంచి ఏడున్నర దాకా పట్టింది. ఆ గంట నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. నన్ను తిట్టారని కాదు. ఆ గంటలో అతను తన బ్రాంచ్‌ని సర్వర్‌లో ఉన్నదానికి రీసెట్ కొట్టి ఉంటే ఆ కాపీ మీద కూడా చీటీ పోయేది.

ఇక్కడ మీకు చాలామందికి తెలియని విషయం ఒకటి ఉంది. మీ మెషీన్‌లో గిట్ ఒక దినచర్య రాసుకుంటుంది. దాని పేరు రెఫ్‌లాగ్. చీటీ ఎప్పుడు ఎక్కడి నుంచి ఎక్కడికి మారిందో వరసగా అందులో ఉంటుంది. మామూలుగా 90 రోజులు ఉంచుతుంది. ఏ బ్రాంచ్ నుంచీ చేరుకోలేని కమిట్ల నమోదులైతే 30 రోజులు. రీసెట్ హార్డ్ కొట్టి మూడు కమిట్లు పోగొట్టుకున్నామని ఏడ్చేవాళ్లకు, బ్రాంచ్ డిలీట్ చేసుకున్నవాళ్లకు అందులో ఆ సంఖ్య దొరుకుతుంది. కానీ సర్వర్‌లో పెట్టే రెపో, అంటే కోడ్ చరిత్ర ఉండే చోటు, బేర్ రెపో. పని చేసుకునే ఫైళ్లు లేకుండా చరిత్ర మాత్రమే ఉంటుంది. అందులో రెఫ్‌లాగ్ మనం ఆన్ చేస్తేనే ఉంటుంది, తనంత తాను ఉండదు. ఒక్కరు వాడే మెషీన్‌లో అడక్కుండానే ఇచ్చిన రక్షణ, పదిమంది వాడే చోట అడిగితేనే ఇస్తున్నారు. ఇది తలకిందులు అని నేను గట్టిగా నమ్ముతాను. మీరు ఎక్కడైనా సొంతంగా గిట్ సర్వర్ పెడితే మొదటి రోజే రెఫ్‌లాగ్ ఆన్ చేయండి, ఉన్న కమిట్లను పక్కకు నెట్టే నాన్ ఫాస్ట్ ఫార్వర్డ్ పుష్‌లనూ బ్రాంచ్ డిలీట్లనూ నిరాకరించే సెట్టింగులు పెట్టండి. రెండు మూడు లైన్ల పని. రెపోలను ఆన్‌లైన్‌లో ఉంచే గిట్‌హబ్ వాడేవాళ్లకు 2015 నుంచి ఫోర్స్ పుష్‌ని ఆపే ప్రొటెక్టెడ్ బ్రాంచ్ అనే ఏర్పాటు ఉంది. మీ టీమ్ ప్రాజెక్టుల్లో మెయిన్ బ్రాంచ్‌కి అది పెట్టినవాళ్లు చేతులెత్తండి.

(నలుగురైదుగురు చేతులెత్తారు.)

సరే. మిగతావాళ్లు ఈ రాత్రికి పెట్టండి.

నాకు జరిగింది ముగ్గురి మధ్య. కోడ్‌ని తనంత తాను బిల్డ్ చేసి పరీక్షించే సాఫ్ట్‌వేర్ జెన్‌కిన్స్. 2013 నవంబరులో ఆ ప్రాజెక్టులో జరిగింది చూడండి. ఒక డెవలపర్ తన మెషీన్‌లో కోడ్ సమీక్షకు వాడే గెరిట్ అనే సాఫ్ట్‌వేర్‌ని నడిపారు. రెపోల కాపీలను వేరే చోటికి పంపే దాని రెప్లికేషన్ ప్లగిన్ సెట్టింగు తప్పుగా ఉంది. ఆయన దగ్గరున్న పాత కాపీలు గిట్‌హబ్‌లోని 180కి పైగా రెపోల మీదకు ఫోర్స్ పుష్ అయిపోయాయి. ఆయన ఫోర్స్ అని టైపు చేయలేదు. ఆ ప్లగిన్ మామూలుగా చేసే పనే ఫోర్స్ పుష్. ఎంత జాగ్రత్తపరుడైనా తాను కొట్టని కమాండ్ దగ్గర ఏం జాగ్రత్త పడతాడు? గిట్‌హబ్ వాళ్ల సాయంతో పాత సంఖ్యలు వెతికి చీటీలు మళ్లీ అతికించుకున్నారు.

మామూలుగా ఏం జరగాలి అనేది ఎవరు నిర్ణయిస్తారో చాలా ముఖ్యం. గిట్‌లోనే ఒక ఉదాహరణ ఉంది. ఒకప్పుడు పేరు చెప్పకుండా గిట్ పుష్ అని కొడితే రెండు వైపులా ఒకే పేరున్న బ్రాంచ్‌లన్నీ వెళ్లిపోయేవి. మీరు ఒక బ్రాంచ్ అనుకుని ఫోర్స్ కొడితే, ఎప్పుడో ఆరు నెలల కిందట వదిలేసిన పాత మెయిన్ కూడా వెళ్లి సర్వర్‌లో కూర్చునేది. 2014లో గిట్ 2.0తో దాన్ని మార్చారు. ఇప్పుడు మీరున్న బ్రాంచ్ ఒక్కటే వెళ్తుంది. ఆ ఒక్క మార్పు ఎన్ని టీములను కాపాడిందో ఎవరూ లెక్కపెట్టలేరు, ఎందుకంటే జరగని ప్రమాదానికి లెక్క ఉండదు.

ఫోర్స్ అవసరమే లేదా అంటే, ఉంది. రీబేస్ చేస్తే కావాలి. అప్పుడు ఫోర్స్ విత్ లీజ్ వాడండి. దాని అర్థం ఇది: సర్వర్‌లో ఆ బ్రాంచ్ నేను చివరిసారి చూసినట్టే ఉంటేనే మార్చు, మధ్యలో ఇంకెవరైనా ఏమైనా పెట్టి ఉంటే ఆపు. నేను ఆ శుక్రవారం ఇది వాడి ఉంటే సర్వర్ ఆపేసేది. దీనికీ ఒక కన్నం ఉంది. మీ ఎడిటర్ వెనకాల తనంత తాను ఫెచ్ చేస్తూ ఉంటే, మీరు చూడకపోయినా చూసినట్టే లెక్క అయిపోతుంది, లీజ్ ఒప్పుకుంటుంది. ఆ కన్నం పూడ్చడానికి 2020 డిసెంబరులో ఫోర్స్ ఇఫ్ ఇన్‌క్లూడ్స్ అని ఇంకోటి తెచ్చారు. సర్వర్‌లో ఉన్నదాన్ని మీరు నిజంగా మీ బ్రాంచ్‌లో కలుపుకున్నారా అని మీ రెఫ్‌లాగ్‌లో చూస్తుంది. రెండూ కలిపి ఒక చిన్న అలియాస్, అంటే పొట్టి పేరు, పెట్టుకోండి. పూర్తి ఫోర్స్ కొట్టాలంటే వేళ్లకు కష్టం కావాలి, క్షేమమైనది సులువు కావాలి.

ఇప్పుడు ఈ ప్రసంగానికి పేరుగా పెట్టిన ప్రశ్న దగ్గరకు వస్తాను. నిజంగానే తీసేయాలా, అవును, కాదు. ఈ పెట్టె మీరు రోజుకు ఎన్నిసార్లు చూస్తారు? చూసినవాటిలో ఎన్ని చదువుతారు? మొదటి వారం చదువుతాం. రెండో వారానికి వేలు దానంతటది అవును మీదకు వెళ్తుంది. తప్పుగా తీసేసే రోజు కూడా ఆ వేలు అంతే వేగంగా వెళ్తుంది, ఎందుకంటే ఆ క్షణంలో మనం చేసేది సరైనదే అని మనకు గట్టి నమ్మకం. నమ్మకం ఉన్నవాణ్ణి నీకు నమ్మకమేనా అని అడిగితే అవుననే అంటాడు.

2017లో వీఎస్ కోడ్ అనే ఎడిటర్‌తో ఒకరికి అలాగే జరిగింది. మూడు నెలల పని, వేల ఫైళ్లు. అవి ఎప్పుడూ గిట్‌లోకి వెళ్లినవి కావు. సోర్స్ కంట్రోల్ ప్యానెల్ తెరిస్తే వేల మార్పులు అని చూపించింది. ఇవేమిటో తీసేద్దాం అని డిస్కార్డ్ నొక్కారు. మార్పుల జాబితా పోతుందనుకున్నారు. ఫైళ్లే పోయాయి. రీసైకిల్ బిన్‌లో కూడా లేవు. ఆ ఎడిటర్ అడగకపోలేదు, అడిగింది. డిస్కార్డ్ అనే మాటకు రాసినవాళ్ల మనసులో ఒక అర్థం, చదివినవారి మనసులో ఇంకో అర్థం. తర్వాత ఆ హెచ్చరికను మార్చారు, ఇది తిరిగి రాదు, డిస్క్ మీద నుంచే పోతాయి అని పెద్ద అక్షరాలతో రాశారు. మంచిదే. అయినా అప్పట్లో మాట పెద్దదైంది కానీ దారి అదే, ఒక్క నొక్కుతో మూడు నెలలు పోయే దారి.

మెర్క్యూరియల్ అని గిట్‌తోపాటు 2005లోనే వచ్చిన ఇంకో సాఫ్ట్‌వేర్ ఉంది. అందులో రివర్ట్ కొడితే మీరు మార్చిన ఫైలును పాతదానితో నింపుతుంది. నింపే ముందు మీరు రాసింది చివర ఆరిగ్ అనే తోకతో పక్కన దాచిపెడుతుంది. ఏ ప్రశ్నా అడగదు. మీరు తప్పు చేశారని అర్థమైతే ఆ ఫైలు అక్కడే ఉంటుంది. ఫోల్డర్ నిండా ఆరిగ్ ఫైళ్లు చేరి చిరాకు అంటారు కొందరు. ఆ చిరాకును నేను సంతోషంగా భరిస్తాను. 2012లో వాళ్లు ఫేజులు కూడా తెచ్చారు. బయటికి పంచేసిన కమిట్‌కి పబ్లిక్ అని గుర్తు పడుతుంది, ఆ తర్వాత దాన్ని మార్చబోతే ఒప్పుకోదు. పంచనిది డ్రాఫ్ట్, అది మీ ఇష్టం. రీబేస్ ఎప్పుడు చేయొచ్చు, ఎప్పుడు చేయకూడదు అని గిట్‌లో మనం పెద్దల మాటగా నేర్చుకునే నియమం అక్కడ సాఫ్ట్‌వేర్‌కే తెలుసు.

గిట్ కూడా కొన్నిచోట్ల బాగానే కాపాడుతుంది. కలపని బ్రాంచ్‌ని చిన్న డీతో తీసేయమంటే తీయదు, పెద్ద డీ కావాలి. తీసేసినప్పుడు కూడా అది ఏ సంఖ్య దగ్గర ఉండేదో చెప్పి మరీ తీస్తుంది. గిట్‌లో చేర్చని ఫైళ్లను తీసేసే క్లీన్ కమాండ్ ఊరికే కొడితే పని చేయదు, ఎఫ్ అని రాయాలి. ముందు ఎన్ అని పెడితే ఏవి పోతాయో జాబితా మాత్రమే చూపిస్తుంది. చెకౌట్ మాటకు వస్తే, అదే కమాండ్ బ్రాంచ్ మారుస్తుంది, అదే కమాండ్ మీరు రాసిన ఫైలును చెరిపి పాతది పెడుతుంది. పెరటి తలుపుకీ చెత్తకుండీకీ ఒకే పిడి పెట్టినట్టు. 2019 ఆగస్టులో దాన్ని స్విచ్, రిస్టోర్ అని రెండుగా విడగొట్టారు. మీ ల్యాబ్ మాన్యువల్‌లో ఇంకా చెకౌటే ఉందని పొద్దున్న చూశాను. మాస్టార్లు ఒకసారి ఆలోచించాలి.

అవునమ్మా, అడుగు.

(ఒక విద్యార్థిని: మేడమ్, కమిట్ చేసింది పోదు అన్నారు. కమిట్ చేయకముందే పోతే?)

మంచి ప్రశ్న. అసలు కన్నం అదే. తాతయ్య చిట్టాలో రాసింది పోదు. కానీ చిట్టాకెక్కించే ముందు ఆయన చిత్తుకాగితం మీద వేసుకునేవారు. ఆ కాగితం గాలికి ఎగిరిపోతే ఎగిరిపోయిందే. రీసెట్ హార్డ్ కొడితే, రిస్టోర్ కొడితే ఆ చిత్తుకాగితం పోతుంది. గిట్ అడగను కూడా అడగదు.

మా పిన్ని కొడుకు శ్రీకాకుళంలో చదువుతున్నప్పుడు ఒకరాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. “అక్కా, మొత్తం పోయింది. రేపు ప్రాజెక్టు రివ్యూ.” రీసెట్ హార్డ్ కొట్టాడు. నాలుగు రోజులుగా కమిట్ లేదు. యాడ్ ఏమైనా కొట్టావా అని అడిగాను. కాసేపు ఆలోచించి, రెండు మూడుసార్లు గిట్ యాడ్ చుక్క కొట్టాను, చివరిసారి సాయంత్రం అన్నాడు. అయితే ఇంకే కమాండూ కొట్టకు, కదపకు అన్నాను.

యాడ్ కొట్టిన క్షణంలోనే ఆ ఫైలులో ఉన్నది గిట్ లోపలికి వెళ్లిపోతుంది. కమిట్ దాకా ఆగదు. దానికి పేరు ఉండదు, చీటీ ఉండదు. ఎఫ్‌ఎస్‌సీకే అనే కమాండ్‌కి లాస్ట్ ఫౌండ్ అని చేర్చి కొడితే దిక్కులేనివన్నీ ఏరి ఒక ఫోల్డర్‌లో పడేస్తుంది. కొట్టించాను. ముప్పైకి పైగా ఫైళ్లు వచ్చాయి. ఏ ఫైలుకీ పేరు లేదు, అన్నీ పొడుగాటి సంఖ్యలే. ఒక్కొక్కటి తెరిచి, మొదటి నాలుగు లైన్లు నాకు చదివి వినిపించి, ఇది లాగిన్ పేజీ, ఇది డేటాబేస్ కనెక్షన్ అని పేర్లు పెట్టుకుంటూ పోయాడు. ఒకే ఫైలువి రెండు మూడు రకాలు వచ్చాయి, ఏది కొత్తదో పోల్చుకోవాల్సి వచ్చింది. రాత్రి రెండున్నర అయింది. సాయంత్రం యాడ్ కొట్టాక రాసిన రిపోర్టు పేజీ మాత్రం రాలేదు. అది లోపలికి వెళ్లనేలేదు. ఇలా దొరికేవి కూడా ఎల్లకాలం ఉండవు, రెండు వారాలు దాటినవాటిని గిట్ తన శుభ్రత పనిలో తీసేయొచ్చు.

ఆ రాత్రి వాడు అడిగిన ప్రశ్న నేను మర్చిపోలేదు. “అంత దాచుకునేది, నేను రాసింది చెరిపేముందు ఒక కాపీ తీసి పెట్టుకోవచ్చు కదక్కా?” పెట్టుకోవచ్చు. ఇప్పుడు పెట్టుకునేది ఒకటి వచ్చింది కూడా. జుజుట్సు అని, గూగుల్ ఇంజనీరు ఒకరు మొదలుపెట్టారు. గిట్ రెపోల మీదే పనిచేస్తుంది. అందులో మీరు ఏ కమాండ్ కొట్టినా ముందు మీ ఫోల్డర్ ఎలా ఉందో నమోదు చేసుకుంటుంది. చేసిన ప్రతి పనికీ ఒక లాగ్ ఉంటుంది. అన్‌డూ అని కొడితే వెనక్కి వెళ్తుంది. కమిట్‌నే కాదు, రీబేస్‌నైనా, బ్రాంచ్ తీసేసినా. చిత్తుకాగితాన్ని కూడా చిట్టాలో కుట్టేశారన్నమాట. అది అందరూ వాడతారో లేదో నేను చెప్పను, ఈ ఆలోచన మాత్రం గిట్‌లోకీ రావాలని నా కోరిక.

ఎంత వెనక్కి తెచ్చుకోగలిగినా కాపీ అసలు ఉందో లేదో చూడకపోతే దండగ. 2017 జనవరి 31 రాత్రి, గిట్‌హబ్ లాంటి సేవే నడిపే గిట్‌ల్యాబ్ కంపెనీలో ఒక ఇంజనీరు రెండు డేటాబేస్ సర్వర్లతో తంటాలు పడుతున్నారు. రెండో సర్వర్‌లో ఖాళీ చేయాల్సిన ఫోల్డర్‌ని మొదటి సర్వర్‌లో తీసేశారు. ఒకటి రెండు సెకన్లలో తెలిసి ఆపారు. దాదాపు 300 జీబీలో అప్పటికి మిగిలింది 4.5 జీబీ. రోజూ బ్యాకప్ తీసే ప్రోగ్రాం ఉంది, కానీ డేటాబేస్ వెర్షన్ తేడా వల్ల అది ఎప్పటి నుంచో విఫలమవుతోంది. విఫలమైందని చెప్పే ఈమెయిళ్లు వెళ్తున్నాయి, అవతల సర్వర్ వాటిని తీసుకోవడం లేదు. వేరే పని కోసం ఆరు గంటల ముందు ఆయనే తీసిన స్నాప్‌షాట్ ఒక్కటి దొరికింది. కోడ్ ఉన్న రెపోలకు ఏమీ కాలేదు, ఆ ఆరు గంటల్లో రాసిన ఇష్యూలూ వ్యాఖ్యలూ పోయాయి. ఆ కంపెనీ తిరిగి నిలబెట్టే పనిని ప్రత్యక్ష ప్రసారంలో చూపించింది, తర్వాత తప్పులన్నీ నివేదికగా బయటపెట్టింది. చేయాల్సిన పనుల జాబితాలో ఒకటి నాకు చాలా ఇష్టం. ఏ సర్వర్‌లో ఉన్నామో తెర మీద స్పష్టంగా తేడా తెలిసేలా ప్రాంప్ట్‌ని, అంటే కమాండ్ కొట్టే చోట ముందు కనబడే మాటను, మార్చాలి అని. మనిషి అలసిపోయాడని ఒప్పుకుని తెరను మార్చారు.

చివరిగా, వెనక్కి రాని పొరపాటు ఒకటి ఉంది. పాస్‌వర్డో, క్లౌడ్ కీనో కోడ్‌లో పెట్టి పబ్లిక్ రెపోలోకి పంపడం. ఇక్కడ గిట్ మంచితనమే శత్రువు. తర్వాతి కమిట్‌లో తీసేసినా పాత కమిట్‌లో ఉంటుంది. వెతికే ప్రోగ్రాములు నిమిషాల్లో పట్టేస్తాయి. గిట్‌హబ్ 2024 నుంచి పబ్లిక్ రెపోలకు పంపే కోడ్‌లో అలాంటి కీలు కనబడితే పుష్ ఆపుతోంది. ఆపినప్పుడు దాన్ని దాటేసే దారి వెతక్కండి. ఒకవేళ వెళ్లిపోతే చరిత్ర దిద్దుకుంటూ కూర్చోకండి. ముందు ఆ కీ రద్దు చేయండి, కొత్తది తీసుకోండి, మిగతాది తర్వాత. మీ మాస్టారికి చెప్పడానికి భయపడకండి. మాస్టార్లూ, చెప్పినవాళ్లను దయచేసి కోప్పడకండి.

మధ్యాహ్నం రెండింటికి ల్యాబ్. అందరూ ఒక కొత్త రెపో చేసుకుని రండి, అందులో నాలుగైదు కమిట్లు, యాడ్ చేసి కమిట్ చేయని ఫైలు ఒకటి, అసలు యాడే చేయని ఫైలు ఒకటి ఉండాలి. రీసెట్ హార్డ్, క్లీన్, బ్రాంచ్ డిలీట్, ఫోర్స్ పుష్ అన్నీ కొడదాం. ఏవి వచ్చాయి, ఏవి రాలేదు అని బోర్డు మీద పట్టిక వేద్దాం. ఇందాక అడిగిన అమ్మాయి ముందు వరసలో కూర్చోవాలి, పట్టిక నువ్వే రాయాలి.